కష్టమునకు కొలబద్ద ఏది?

ఆపద వచ్చినప్పుడు ప్రభుత్వము ప్రజలకు చేయూత నిచ్చుట ధర్మము. ఈ విషయమున భేదాభిప్రాయము లేదు. భేదమంతయు ఎవరికి ఎంత ఇవ్వవలెను, ఆ ‘ఎంత’ను ఏ కొలతతో నిర్ణయింపవలెను అనుచోటనే పుట్టును. పండిన ధాన్యమును తూచవచ్చును, దొడ్డిలోని పశువులను లెక్కింపవచ్చును. రైతు కష్టమును తూచు తక్కెడ మాత్రము ఏ కచేరిలోను లేదు. అందుచేత ప్రభుత్వములు కష్టమునకు బదులు సులభముగా లెక్కకు వచ్చు వేరొక దానిని కొలుచును: ఎకరమును, బస్తాను, పశువును. కొలిచినది ఒకటి, తీర్పదలచినది మరియొకటి. ఈ రెండింటి నడుమగల ఎడమే సహాయ పథకముల మంచిచెడ్డలను నిర్ణయించును. 2020లో కరోనా మహమ్మారి కాలమున అమెరికా సంయుక్త రాష్ట్రములు తమ రైతులకు పంచిన ధనము ఇందుకు గొప్ప నిదర్శనము.

అమెరికాలో రాష్ట్రము క్రింది పరిపాలనా విభాగమును కౌంటీ అందురు. మన జిల్లాకన్న అది చాల చిన్నది. జనసంఖ్యలో తరచుగా మన మండలమునకు సాటిరాదగినది. మధ్య పశ్చిమమునగల అయోవా రాష్ట్రములో ఇట్టి కౌంటీలు 99 ఉన్నవి. వాటిలో వాయవ్య మూలనున్నది సూ కౌంటీ. దాని ముఖ్య పట్టణమైన ఆరెంజ్ సిటీని 1870లో డచ్చి జాతి వలసదారులు స్థాపించిరి. కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలు. నడుమ నడుమ పొడుగాటి పందుల కొట్టములు. ఎడనెడ పాడి పశువులు, మాంసపు పశువులు, కోళ్ల దొడ్లు. ఆ కౌంటీలో మనుష్యులు సుమారు 36 వేలమంది. పందులు పది లక్షలకు మించి ఉన్నవి. ఇట్టి ప్రదేశమునకు దూరపు పట్టణములోని హోటలు మూతపడుటకూడ ఇంటి విపత్తే అగును.

విపత్తు వచ్చిన తీరు

2020 మార్చిలో పాఠశాలలు, భోజనశాలలు, హోటళ్లు మూతపడినవి. అక్కడికి పోవలసిన పాలు పోవుటకు దారి లేకపోయినది. ఇళ్లకు సీసాలలో పాలు నింపు యంత్రములు వేరు, పాఠశాలలకు, హోటళ్లకు సరుకు సిద్ధపరచు యంత్రములు వేరు. ఒకదాని పని మరొకదానిచేత రాత్రికి రాత్రి చేయించుట సాధ్యము కాదు. కావున పాడి రైతులు అనేకులు పాలను నేలపాలు చేసిరి. రోడ్లమీద మోటారుబండ్లు తగ్గగా పెట్రోలు ఖర్చు తగ్గినది. పెట్రోలులో కలుపు ఇథనాల్‌కు గిరాకి పడిపోయినది. అమెరికాలో పండు మొక్కజొన్నలో దాదాపు మూడవవంతు ఇథనాల్‌కే పోవును గావున, ఆ దెబ్బ మొక్కజొన్న చేనువరకు వచ్చినది.

అన్నిటికన్న పెద్ద దెబ్బ మాంసపు కర్మాగారములవలన తగిలినది. అక్కడి కూలీలు భుజము భుజము రాచుకొని పనిచేయుదురు. వారికి వ్యాధి దావానలమువలె వ్యాపించినది. సూ కౌంటీకి చేరువనే, దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్ నగరములోగల స్మిత్‌ఫీల్డ్ కర్మాగారము ఏప్రిల్ నడుమ మూతపడినది. అమెరికాలో తయారగు పందిమాంసములో నూటికి నాలుగైదు వంతులు ఆ ఒక్క కర్మాగారమునుండియే వచ్చుచుండెను. మినిసోటాలోని వర్దింగ్టన్, అయోవాలోని వాటర్‌లూ కర్మాగారములును పది దినములు తిరుగక ముందే మూతపడినవి. ఏప్రిల్ 28న అధ్యక్షుడు ట్రంప్ ఈ కర్మాగారములు నడువవలెనని ఆజ్ఞాపత్రము వెలువరించెను. కాని ఆజ్ఞాపత్రముతో కూలీల జ్వరము తగ్గదు గదా.

వరిధాన్యము కొట్టులో ఆరు నెలలు ఆగును, పంది ఆగదు. అది దినదినము బలియుచునే ఉండును. బరువు మించినచో కర్మాగారపు యంత్రములకు పనికిరాదు. కొట్టము ఖాళీ కానిదే వెనుకనున్న పిల్లలకు చోటు లేదు. అట్టి సంకటములో కొందరు రైతులు తాము పెంచిన పందులను తామే చంపి పూడ్చవలసివచ్చినది. ఒకవైపు అంగడిలో మాంసము కరవు. మరొకవైపు దొడ్డిలోని పశువునకు కొనువాడు కరవు.

ధనము వచ్చిన త్రోవ

2020 మార్చి 27న అమలులోనికి వచ్చిన కేర్స్ చట్టము వ్యవసాయ సహాయమునకు 950 కోట్ల డాలర్లు కేటాయించినది. ఇదిగాక, 1933నాటి ఆర్థిక మాంద్య కాలమున పుట్టిన కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ అను సంస్థకు మరి 1,400 కోట్ల డాలర్లు సమకూర్చినది. ఏప్రిల్ 17న వ్యవసాయ కార్యదర్శి సోనీ పెర్డ్యూ 1,900 కోట్ల డాలర్ల పథకమును ప్రకటించెను. అందులో 1,600 కోట్లు రైతులకు నేరుగా చెల్లించుటకు. 300 కోట్లు పాలు, మాంసము, కూరగాయలు కొని పేదలకు పంచుటకు. మే 26నుండి దరఖాస్తులు తీసికొన్నారు. ధనము చాలకపోవునేమో అని మొదట నూటికి 80 వంతులు మాత్రమే చెల్లించి, మిగిలినది తరువాత ఇచ్చిరి. సెప్టెంబరులో 1,400 కోట్లవరకు రెండవ విడత ప్రకటింపబడినది. రెండు విడతలు, తరువాతి చేర్పులు కలిపి రైతులకు ముట్టినది సుమారు 3,100 కోట్ల డాలర్లు.

ఇంత ధనమును పంచిన చేయి వాషింగ్టన్‌లో లేదు, కౌంటీలోనే ఉన్నది. వ్యవసాయ శాఖకు చెందిన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీకి దేశమంతట రెండువేలకు పైగా కౌంటీ కచేరీలు ఉన్నవి. ప్రతి కచేరికి రైతులే ఎన్నుకొను ఒక సంఘముండును. అందులో 3 మొదలు 11 మందివరకు సభ్యులు. ఎవరు ఎన్ని ఎకరములు ఏ పంట వేసిరో కచేరి దస్త్రములో ఉండును. మన అడంగల్‌వంటిదే ఆ దస్త్రమును. అంటువ్యాధి భయముచే 2020లో కచేరి తలుపులు మూసి, పని టెలిఫోనుమీద, తపాలమీద, కంప్యూటరుమీద నడిపిరి. పూర్వమునుండి దస్త్రములోనున్న రైతుకు ఒక ఫోను, ఒక సంతకము చాలినవి. అంతకు ముందెన్నడు ఆ కచేరి గడప త్రొక్కని చిన్న కూరగాయల రైతుకు, మొదట తాను రైతునని నిరూపించుకొనుటయే ఒక పని అయినది.

కొలతలోని చిక్కు

మొదటి విడతలో పందులకు నిర్ణయించిన రేట్లు పరిశీలింపదగినవి. జనవరి 15 మొదలు ఏప్రిల్ 15 వరకు అమ్మిన పందికి, బరువునుబట్టి 18 గాని 28 గాని డాలర్లు. ఏప్రిల్ 16 తరువాత నెలరోజులలో దొడ్డిలోనున్న పందికి 17 డాలర్లు. కాని కర్మాగారములు మూతపడి అసలు ఉపద్రవము వచ్చినది ఏప్రిల్ నడుమనుండియే గదా. అనగా, ప్రళయమునకు ముందు అమ్ముకొన్నవానికి ఎక్కువ రేటు, ప్రళయములో చిక్కినవానికి తక్కువ రేటు పడినవి. ఇది ఏ ఒక్కరి దుర్బుద్ధివలన జరిగినది కాదు. ఒక నిధి ఏప్రిల్ 15వరకు కలిగిన నష్టమునకు, వేరొక నిధి తరువాతి నష్టమునకు అని శాఖ విభజించినందున కలిగిన ఫలితము. నిధి గీసిన గీతకు రైతు కష్టము ఒదిగి ఉండదు. ఈ లోపము శాఖకే తోచినది కాబోలు, 2021 డిసెంబరులో, ఏప్రిల్ 16 మొదలు సెప్టెంబరు 1 వరకు బహిరంగ విపణిలో ఆనాటి ధరకు పందులను తెగనమ్మినవారికి తలకు 54 డాలర్లు ఇచ్చు ప్రత్యేక పథకమును ప్రకటించినది. పదిహేడుకును ఏబదినాలుగుకును గల భేదమే మొదటి కొలబద్ద ఎంత కురచదో చెప్పుచున్నది.

మొక్కజొన్న విషయమును ఇట్టిదే. 2019 పంటలో సగము, లేక 2020 జనవరి 15 నాటికి ధర కుదరక నిలువయున్న సరుకు, ఈ రెంటిలో ఏది తక్కువైన దానిపై బుషెల్‌కు రమారమి 33 సెంట్లు లెక్కకట్టిరి. బుషెల్ మొక్కజొన్న అనగా ఇంచుమించు 25 కిలోలు. గాదెలు కట్టించుకొని, ధర వచ్చువరకు సరుకును నిలువచేయగల రైతుకు ఈ లెక్క లాభించినది. కోత కాలములోనే అప్పు తీర్చుటకు పంటనంతయు అమ్ముకొన్నవానికి నిలువ లేదు. నిలువ లేదు గనుక సహాయమును లేదు. ధర పడిన నష్టము నిలువదారునిదే అను వాదము సత్యమే. కాని కలిమి గలవాడే నిలువచేయగలడు అనునదియు సత్యమే.

పరిమాణమును కొలుచు ఏ పద్ధతియైనను పెద్దవానివైపే మొగ్గును. నూరు పందులున్నవానికి ఒక్కొక్కదానికి 17 డాలర్ల చొప్పున 1,700 డాలర్లు వచ్చును. పదిహేనువేల పందులున్నవానికి 2,55,000 రావలసియుండగా, మనిషి ఒక్కింటికి 2,50,000 అను పరిమితిచే అయిదువేలు మాత్రము తగ్గును. కార్పొరేషనులుగా ఏర్పడి, ముగ్గురు భాగస్థులు స్వయముగా వ్యవసాయములో పాల్గొనుచున్నచో ఆ పరిమితి 7,50,000 వరకు పెరుగును. 2017 వ్యవసాయ గణనము ప్రకారము అమెరికాలో సాలునకు పది లక్షల డాలర్లకుపైగా అమ్మకములుగల క్షేత్రములు నూటికి నాలుగే. మొత్తము అమ్మకములలో మూడింట రెండువంతులకుపైగా వారివే. సరుకును కొలిచినచో ధనము సరుకున్న చోటికే పోవును. నీరు పల్లమెరుగునన్నట్లు, సర్కారు సొమ్ము లెక్కల పల్లము నెరుగును.

పెంచువాడు, కలవాడు

ఇంతకన్న సూక్ష్మమైన చిక్కు ఒకటి కలదు. సూ కౌంటీవంటి చోట్ల పందుల కొట్టము ఒకరిది, పందులు మరొకరివి అగుట సామాన్యము. కంపెనీ పిల్లలను, దాణాను ఇచ్చును. రైతు తన కొట్టములో ఒప్పందముపై పెంచి కిరాయి పుచ్చుకొనును. కోళ్ల పెంపకములో ఈ పద్ధతియే ప్రధానము. కొట్టము కట్టుటకు బ్యాంకులో చేసిన అప్పు మాత్రము పెంచువానిదే. కర్మాగారము మూతపడి కంపెనీ కొత్త పిల్లలను పంపనప్పుడు, కొట్టము ఖాళీగా ఉండును. అప్పుమీది వడ్డీ ఖాళీగా ఉండదు. అయినను మొదటి రెండు విడతలలో ఇతనికి చిల్లిగవ్వ రాలేదు. ఏలనగా పశువు ఇతనిది కాదు. 2020 డిసెంబరు చట్టము దారి చూపగా, 2021లో గాని ఇట్టివారికి పోయిన ఆదాయములో నూటికి 80 వంతులవరకు ఇచ్చు ఏర్పాటు జరుగలేదు.

ఇక కర్మాగారములో పనిచేసి జ్వరపడిన కూలీ, చేలలో పండ్లు కోసిన కూలీ ఈ లెక్కలలో ఎక్కడను కనబడరు. వ్యవసాయ, ఆహార పరిశ్రమల కూలీలకు తలకు 600 డాలర్లు ఇచ్చు ఏర్పాటు 2022లో గాని రాలేదు. అదియు ఒక్కమారే.

నల్లజాతి రైతుల గాథ వేరు. 1920లో అమెరికాలో నల్లజాతి రైతులు తొమ్మిది లక్షలకు మించి ఉండిరి. 2017 గణనమునాటికి ఏబదివేలకు లోపుగా మిగిలిరి. దక్షిణ రాష్ట్రములలో కౌంటీ సంఘములు చిరకాలము తెల్లవారి చేతిలోనే ఉండెను. అప్పు ఇచ్చుటలో, పంట వాటా నిర్ణయించుటలో పక్షపాతము జరిగినదని 1965లోనే ఆ దేశపు పౌరహక్కుల సంఘము తేల్చినది. 1999లో పిగ్‌ఫర్డ్ వ్యాజ్యమున ప్రభుత్వము రాజీపడి పరిహారము చెల్లించినది. ఈ పూర్వకథ తెలిసినవారికి, 2021 మార్చిలో వ్యవసాయ కార్యదర్శి టామ్ విల్సాక్ చెప్పిన లెక్క ఆశ్చర్యము కలిగింపదు. అప్పటికి పంచిన సుమారు 2,600 కోట్ల డాలర్లలో నల్లజాతి రైతులకు చేరినది దాదాపు రెండుకోట్లు. అనగా వేయింటికి ఒక వంతునకు మించదు. రైతులలో వారు నూటికి ఒకటికి పైగా ఉన్నారు. ఇక్కడ గమనింపదగిన దొకటి కలదు. పూర్వమువలె కచేరిలో ఎవరును దరఖాస్తు త్రోసివేయనక్కరలేదు. గతములో జరిగిన అన్యాయమువలన భూమి తరిగినది. భూమి తరిగినచోట సరుకు తరిగినది. సరుకును కొలిచినచోట సహాయము తరిగినది. న్యాయముగా నడచు లెక్కయే పాత అన్యాయమునకు వడ్డీ కట్టును.

ఈ లోపమును సరిదిద్దుటకు 2021 మార్చి చట్టములో నల్లజాతివారు మొదలుగాగల వెనుకబడిన రైతుల ప్రభుత్వ ఋణములను తీర్చుటకు సుమారు 400 కోట్ల డాలర్లు కేటాయించిరి. జాతినిబట్టి సహాయము చేయుట సమానత్వమునకు విరుద్ధమని తెల్లజాతి రైతులు కోర్టుల కెక్కిరి. జూన్‌లో న్యాయస్థానములు చెల్లింపులను నిలిపివేసినవి. 2022 ఆగస్టులో ఆ నిబంధన రద్దయినది. దానికి మారుగా, అప్పులతో క్రుంగిన రైతులకొక నిధి, శాఖచేత వివక్షకు గురియైన వారికొక నిధి ఏర్పడినవి. రెండవ నిధినుండి 2024 జూలైలో 43 వేలమందికి పైగా రైతులకు సుమారు 200 కోట్ల డాలర్లు చెల్లించిరి.

రెండు పక్షముల వాదము

ఈ పథకమును సమర్థించువారి మాటయు వినదగినదే. ఇల్లు కాలుచున్నప్పుడు నీళ్లు ఎవరి పొలమునకు ఎంత అని పంచుకొనుచు కూర్చుండరు. మహమ్మారి ఎప్పుడు తగ్గునో ఎవరికి తెలియదు. దస్త్రములో ఉన్న లెక్కలతో త్వరగా ధనము పంపుటయే మేలు. ఆలస్యముగా వచ్చు సంపూర్ణ న్యాయముకన్న వేళకు వచ్చు సగము న్యాయము రైతును బ్రతికించును. పెద్ద క్షేత్రము కూలినచో దానిని నమ్ముకొన్న దాణా వర్తకుడు, బ్యాంకు, ఊరి పాఠశాల కూడ కుంగును. మే 26న దరఖాస్తులు మొదలుపెట్టి కొలది వారములలోనే ధనము చేర్చగలిగిరన్నది నిజము.

ఆక్షేపించువారు వేరొక నిజము చూపుదురు. 2020లో ప్రభుత్వము రైతులకు నేరుగా చెల్లించిన ధనము, ఇతర పథకములతో కలిపి, సుమారు 4,600 కోట్ల డాలర్లు. ఆ సంవత్సరపు నికర వ్యవసాయాదాయములో ఐదింట రెండువంతులకు పైమాటే. చైనాతో వాణిజ్య కలహము మూలమున 2018, 2019 సంవత్సరములలో ఇచ్చిన పరిహారము దీనికి ముందరిది. 2019లో ఆ పరిహారము కౌంటీకొక రేటుగా, ఎకరమునకు 15 మొదలు 150 డాలర్లవరకు ఉండెను. కౌంటీ సరిహద్దున గట్టుకు ఇటు ఒక ధర, అటు ఒక ధర. ఇట్లు ఆపద్ధర్మము అలవాటుగా మారెను. 2020 చివరకు మొక్కజొన్న, సోయా ధరలు లేచినవి. 2021 మొదట మొక్కజొన్న బుషెల్ అయిదు డాలర్లు దాటినది. అయినను 2021 మార్చిలో మొక్కజొన్న, సోయావంటి పంటల ఎకరమునకు మరి 20 డాలర్ల చొప్పున 450 కోట్లకుపైగా చెల్లించిరి. ఏలనగా డిసెంబరు చట్టము అట్లు వ్రాయబడినది. నష్టము వెళ్లిపోయినను నష్టపరిహారము వెళ్లలేదు. చెల్లింపులను మరింత జాగ్రత్తతో సరిచూడవలెనని 2022లో ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థయు హెచ్చరించినది.

ఈ రెండు వాదముల నడుమ ఒక మేలిమార్గము ఆ పథకములోనే దాగియున్నది. రెండవ విడతలో కూరగాయలు, పండ్లు మొదలగువానికి బరువు లెక్క మానివేసి, 2019 అమ్మకములపై వంతు లెక్కించిరి. ఏబదివేల డాలర్లలోపు అమ్మకములకు నూటికి 10.6 వంతులు, అమ్మకము పెరిగినకొలది ఆ వంతు క్రమముగా తగ్గును. నాలుగు తక్కెళ్లతో అంగడిలో అమ్ముకొను చిన్న రైతుకు ఈ లెక్క అర్థమగును, అనుకూలించును. అనగా, త్వరితముగా పంచుటకును చిన్నవానిపట్ల కనికరము చూపుటకును వైరము లేదు. కొలబద్దను ముందుగా ఆలోచించి చేసికొనవలెను.

తెలుగునాట పోలిక

ఈ కథ తెలుగు పాఠకునకు దూరము కాదు. ఆ మార్చిలోనే, 26వ తేదీన, భారత ప్రభుత్వము పి.ఎం. కిసాన్ క్రింద 8.7 కోట్ల రైతులకు రెండువేల రూపాయల వంతు ముందుగా ఇత్తుమని ప్రకటించినది. అక్కడ పరిమాణము కొలిచిరి. ఇక్కడ కుటుంబమును కొలిచిరి. రెండెకరములవానికి, ఇరువది ఎకరములవానికి సమానముగనే రెండువేలు. తెలంగాణలో ఆనాడు నడచిన రైతుబంధు ఎకరమును కొలిచినది. పంటకాలమునకు ఎకరమునకు అయిదువేలు. ఈ రెంటిలోను పట్టా ఎవరిదో సాయము వారిదే. కౌలు రైతు వానకు తడిసి, అప్పుకు లోబడి పండించినను, పట్టాలో పేరు లేనందున చేయి చాపుటకైనను అర్హుడు కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లోని రైతుభరోసా కౌలు రైతులలో భూమిలేని కొన్ని వర్గములవారిని చేర్చుకొన్నది. అమెరికా పథకములో, నగదు కౌలు పుచ్చుకొని ఊరక కూర్చుండు భూస్వామికి ధనము లేదు. పంట నష్టమును మోయువాడే అర్హుడు. ఈ ఒక్క నియమము అనుకరింపదగినది. కాని అక్కడను పందిని పెంచినవాడు వెలిలో నిలిచెను. ఇక్కడ చేనును దున్నినవాడు వెలిలో నిలిచెను. దేశములు వేరైనను దస్త్రపు స్వభావము ఒక్కటియే. దస్త్రము ఆస్తిని గుర్తించును. శ్రమను గుర్తించుటకు దానికి వేరుగా నేర్పవలెను.

పాఠశాలలో కొలతల పాఠము చెప్పునప్పుడు ఉపాధ్యాయులు మొదట చెప్పు సూత్రమొకటి ఉన్నది: దేనిని కొలువవలెనో ముందు నిశ్చయించుకొని, పిదప దానికి తగిన సాధనమును తీసికొనవలెను. పొడవును తక్కెడతో కొలువరాదు. ప్రభుత్వములు తరచుగా ఈ పాఠమును తలక్రిందులు చేయును. చేతిలో ఏ సాధనమున్నదో చూచి, అది కొలువగలిగిన దానినే కష్టమనును. మరొక ఆపద రాకమానదు: అది వ్యాధి కావచ్చును, అనావృష్టి కావచ్చును, విపణి పతనము కావచ్చును. ఆనాడు కొలబద్దను వెదకుటకు తీరిక ఉండదు. కౌలుదారుని, కూలికి పెంచువానిని, కచేరి గడప ఎరుగని చిన్న రైతును దస్త్రములోనికి ఎక్కించు పని శాంతికాలమున చేయవలసినది. వాన వచ్చినపుడు పంచు గొడుగు, ఎండలో లెక్కపెట్టిన తలలకే చాలును.